దించింది 2009లో, నౌకాదళంలో చేరింది 2016లో

ప్రశ్న: అరిహంత్ అణు జలాంతర్గామిని విశాఖలో 2009 జూలై 26న నీళ్లలోకి దించారు. నౌకాదళంలో చేరింది 2016 ఆగస్టులో. నీళ్లలోకి వెళ్లాక అన్నేళ్లు ఏం చేస్తారు? (గాజువాక పాఠకుడు)

జవాబు: నీళ్లలోకి దించే రోజుకి సిద్ధమయ్యేది పడవ ఒళ్లు మాత్రమే. లోపల ముందు పైపుల పని. వెల్డింగ్ తుక్కు, రజను పోయేదాకా వాటిని కడుగుతారు. తర్వాత నీళ్లు నింపి, రోజువారీ పనిలో ఉండే ఒత్తిడి కంటే ఎక్కువ ఒత్తిడి ఎక్కించి చూస్తారు. ఆ పైన టర్బైన్లు, గేర్లు. రియాక్టర్ వెలిగించకముందే వీటిని తిప్పి చూడాలి కాబట్టి ఒడ్డు మీది బాయిలర్ నుంచి ఆవిరి ఇస్తారు. అరిహంత్‌కూ అలాగే చేశారు.

అరిహంత్ రియాక్టర్ సామర్థ్యం సుమారు 83 మెగావాట్లు. దాని నమూనాను అంతకుముందే కల్పాక్కంలో నేల మీద నడిపి చూశారు. పడవలోది 2013 ఆగస్టు 10న ‘క్రిటికల్’ అయింది. ఈ మాటను చాలామంది ‘పూర్తి శక్తితో నడిచింది’ అనుకుంటారు, పొరపాటు. అణువులు చీలే గొలుసు చర్య తనంతట తాను ఆగకుండా సాగిందనే దాని అర్థం. అప్పటికి పుట్టే వేడి నామమాత్రం. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా పెంచుతూ, ప్రతి మెట్టులో పంపులు, వాల్వులు, రేడియేషన్ కవచం చూసుకుంటూ పోవాలి. సముద్రంలోకి వెళ్లింది 2014 డిసెంబరులో.

అమెరికా వాళ్ల అణు జలాంతర్గామి నాటిలస్ 1954 జనవరి 21న నీళ్లలోకి దిగి, 1955 జనవరి 17న అణుశక్తితో కదిలింది. ఏడాది కూడా పట్టలేదు. అయినా ఆ మధ్యలో, రేవులో పరీక్షలప్పుడు చిన్న ఆవిరి పైపు ఒకటి పగిలింది. అతుకు లేని పైపు వేయాల్సిన చోట అతుకు వేసి చేసిన పైపు వాడారు. బిగించాక పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఏది ఎక్కడుందో తేలక, అనుమానం ఉన్న పైపులన్నీ పీకి కొత్తవి వేశారు. కొట్టులో పైపు మీద గుర్తు సరిగ్గా వేసి ఉంటే తప్పిపోయే పని అది.

ప్రశ్న: ఇంత బరువును నీళ్లలోకి ఎలా దించుతారు? (కాకినాడ పాఠకురాలు)

జవాబు: రెండు దారులు. నాటిలస్‌ను అమెరికాలోని గ్రోటన్‌లో గ్రీజు పూసిన ఏటవాలు మీద వెనక భాగం ముందుగా జార్చారు. ఇందులో ప్రమాదం ఒక్క నిమిషంలోనే ఉంటుంది. వెనక భాగం నీళ్లలో తేలి పైకి లేచేసరికి ముందు భాగం ఇంకా ఏటవాలు మీదే ఉంటుంది, మిగిలిన బరువంతా ఆ కొద్ది చోటే మోయాలి. వెనక భాగం నీటి మీద లేవకముందే పడవ బరువులో ఎక్కువ పాలు ఏటవాలు అంచు దాటిపోతే, పడవ అక్కడే వెనక్కి ఒరుగుతుంది. అందుకే పోటు వేళ చూసి వదులుతారు.

విశాఖలో అనుసరించింది రెండోది. పడవను కట్టిన పొడి గుంటలోకి, అంటే డ్రై డాక్‌లోకి, నీళ్లు వదిలారు. (సీసా పగలగొట్టలేదు, అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టారు.) నీళ్లు ఒక్కసారిగా నింపరు. అడుగు భాగం మునిగాక ఆపి, మనుషులు లోపల ప్రతి గదిలో, సముద్రానికి తెరుచుకునే ప్రతి వాల్వు దగ్గరా తడి ఉందేమో చూస్తారు. లేదంటేనే మళ్లీ నీళ్లు. వెనక తేలిక, ముందు బరువు అయితే వెనక ముందుగా లేచి, ముందు వైపు చివర పడవను మోసే దిమ్మెలు నలిగిపోతాయి. అందుకే బరువు లెక్క సరిచూసి, నీటి ట్యాంకులతో సమం చేస్తారు.

తేలాక కూడా గండం గడిచినట్టు కాదు. నీటి పైన కనిపించే భాగం చాలా తక్కువ. 1969 మే 15న అమెరికాలోని మేర్ ఐలాండ్‌లో గిటారో అనే జలాంతర్గామి రేవుకు కట్టేసి ఉండగానే మునిగింది. ముందు వైపు ఒక బృందం, వెనక వైపు మరో బృందం ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ట్యాంకుల్లో నీళ్లు నింపాయి. లోపలికి దిగే ద్వారాల (హ్యాచ్‌ల) గుండా కేబుళ్లు, గొట్టాలు వెళ్తున్నందున మూతలు వేయడానికి కుదరలేదు. ప్రాణనష్టం లేదు. నౌకాదళంలో చేరడం 1972కి జారింది.

ప్రశ్న: వెల్డింగ్ మీద అంత పట్టు ఎందుకు? (కరీంనగర్ ఐటీఐ విద్యార్థి)

జవాబు: ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 300 మీటర్ల దగ్గర చదరపు మీటరు మూత మీద సుమారు 300 టన్నులు. ఆ బరువును తట్టుకునే గట్టి ఉక్కుకు ఒక చెడ్డ గుణం ఉంది: వెల్డింగ్‌లో తేమ నుంచి హైడ్రోజన్ చేరితే, చల్లారిన కొన్ని గంటలకో, రోజులకో లోపల పగులు వస్తుంది. కాబట్టి ఎలక్ట్రోడ్లను ఓవెన్‌లో ఆరబెట్టాలి, ప్లేటును ముందే వేడి చేయాలి, తనిఖీ వెంటనే కాకుండా కొంత వ్యవధి ఇచ్చి చేయాలి. మొదటి రోజు బాగున్న అతుకు మూడో రోజు బాగుండకపోవచ్చు.

పైపుల అతుకులదీ అదే కథ. 1963 ఏప్రిల్ 10న 129 మందితో అమెరికా జలాంతర్గామి థ్రెషర్ మునిగింది. పైపు అతుకు ఊడి నీరు లోపలికి వచ్చి ఉండొచ్చని విచారణలో తేల్చారు. అంతకుముందు 145 అతుకులను అల్ట్రాసోనిక్‌తో చూస్తే 14 శాతం నాసిరకం. మిగతా వేల అతుకులను అలా చూడనేలేదు.

ప్రశ్న: అణు జలాంతర్గామిలో డీజిల్ ఇంజన్ ఎందుకు? (నెల్లూరు పాఠకుడు)

జవాబు: రియాక్టర్‌ను ఆపినా వేడి ఆగదు. ఆపిన క్షణాన పూర్తి శక్తిలో 6 శాతం పైన, గంట తర్వాత కూడా ఒక శాతానికి పైగా పుడుతూనే ఉంటుంది. దాన్ని తీసేయాలంటే పంపులు తిరగాలి. అప్పుడు బ్యాటరీ, డీజిల్ తప్ప దిక్కు లేదు. డీజిల్‌కు గాలి కావాలి, అంటే పడవ పైకి రావాలి, లేదా కనీసం గాలి గొట్టం నీటి పైకి తేలేంత దాకా లేవాలి.