ఒక్కనివే పోకు తమ్మీ: చలికాలంల జాయన్ లోయ సంగతి

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. డిసెంబర్‌ల మూడు రోజులు యూటాల ఉన్న జాయన్ నేషనల్ పార్కుకు పోవాలె, పొద్దుగాల ఎక్కి మాపటికి దిగే దారులు ఏవి, ఎన్ని మైళ్లు, ఏ బూట్లు అని అన్నీ అడిగినవ్. ఎవరితోని పోతున్నవో మాత్రం రాయలే. నాకు ముందుగాల అదే కనబడ్డది.

నేనిప్పుడు నెల సెలవు మీద అచ్చంపేటల అమ్మ దగ్గరున్న. మీది కల్వకుర్తి అన్నవ్ గద, పక్కనే. అందుకే ఇంటి పిల్లగానికి చెప్పినట్టు చెప్త, జర ఓపికతోని చదువు.

2011 డిసెంబర్. అమెరికాల నాకు అది మొదటి చలికాలం. పరీక్షలు అయిపోంగనే రూముల ఉన్న ముగ్గురు పిల్లలు సుట్టాల ఇండ్లకు పోయిన్రు. నాకు ఆ దేశంల సుట్టాలు లేరు. మూడు రోజులు ఆ రూముల ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. నాలుగోనాడు తట్టుకోలేక అమ్మకు ఫోన్ చేసి, "నలుగురు దోస్తులం కలిసి లోయ చూడ పోతున్నం" అని చెప్పిన. దోస్తులు లేరు, ఏం లేరు. లాస్ వేగస్‌ల కారు కిరాయికి తీసుకొని ఒక్కణ్నే బయల్దేరిన.

అక్కడి నుంచి జాయన్ 160 మైళ్లు, మూడు గంటల లోపు దారి. కాని నెవాడా టైము వేరు, యూటా టైము వేరు. యూటాలకు పోతే గడియారం గంట ముందుకు దుంకుతది. నాకా సంగతి తెల్వదు. పక్కన ఇంకో మనిషి ఉంటే ఇద్దరిల ఒకరన్న చూస్తుంటిమి. ఒంటిగంటన్నర అనుకొని నేను లోయల నడక బాట మొదలయ్యే గ్రోటో అనే తావు కాడ కారు ఆపినప్పుడు నిజానికి రెండున్నర. ఆ దినాలల్ల అక్కడ అయిదుంబావుకల్లా పొద్దు గూకుతది, లోయ అడుగున అయితే అంతకు మస్తు ముందే ఎండ పోతది.

గ్రోటో నుంచి స్కౌట్ లుకౌట్ అనే ఎత్తు తావు దాక రెండు మైళ్లు, వెయ్యి అడుగుల ఎక్కుడు. నడిమిట్ల రిఫ్రిజిరేటర్ కాన్యన్ అని ఒక సందు వస్తది. రెండు దిక్కుల గోడలు దగ్గరికొచ్చి ఎండను దిగనియ్యవు, ఎండకాలంల గూడ చల్లగ ఉంటది. బాట మీద పడ్డ మంచు కరిగి, మల్ల గడ్డకట్టి, సిమెంటుకు అద్దం అతికిచ్చినట్టు ఉన్నది. దూరంకెళ్లి చూస్తే ఉత్త తడి అనుకుంటవ్. నాయి అరిగిపోయిన స్పోర్ట్స్ బూట్లు. గోడ పట్టుకొని ఎట్లనో దాటి, వాల్టర్స్ విగిల్స్ అనే 21 మెలికలు ఎక్కిన. లోపల నూలు బనీను, మీద స్వెటర్, కింద జీన్సు. ఎక్కుతుంటే చెమటకు బనీను తడిసి ఈపుకు అంటుకున్నది. పైన గాలి కొట్టంగనే ఆ తడి బనీనే చల్లటి రేకు లెక్క అయింది. పండ్లు కటకట కొట్టుకుంటున్నయి. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు, చలికి బ్యాటరీ గూడ చచ్చింది.

దిగేటప్పుడు ఆ అద్దం మీద రెండుసార్లు పడ్డ. అరచెయ్యి చెక్కుకపోయింది. ఇగ కూసొని జరుగుతుంటే ఎనుకనుంచి ఇద్దరు వచ్చిన్రు, అరవై దాటిన భార్యాభర్తలు, బూట్లకు ఇనుప పండ్లు తొడుక్కొని. ఆమె నా మోచెయ్యి పట్టుకున్నది, ఆయన ముందు టార్చ్ పట్టిండు. నడుసుకుంటనే ఆమె అడిగింది, "నువ్వు ఇక్కడ ఉన్నట్టు ఎవరికి తెలుసు బిడ్డా?" అని. నా నోట్ల మాట రాలే. అమ్మకేమో నేను నలుగురు దోస్తుల నడుమ ఉన్న అని తెలుసు.

ఆ తర్వాత జాయన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ అన్నీ కలిపి పన్నెండు చలికాలాలు నడిచిన. చాలామంది కొత్త పిల్లలను తీసుకపోయిన, ఒక్కరిని గూడ చీకట్ల దింపలే. మీరేమో వీడియోలు చూసి పోతరు, వీడియోల చలి కనబడదు గద. అందుకే చెప్తున్న. ఆ ఇనుప పండ్లను మైక్రోస్పైక్స్ అంటరు, అవి లేకుండ స్కౌట్ లుకౌట్ పేరు ఎత్తకు. నూలు బట్ట ఒంటికి తగలొద్దు, చెమట పీల్చి తొందరగ ఆరే బనీను, మీద ఉన్ని, ఆపైన గాలి ఆగే జాకెట్. తలకు మన మంకీ క్యాప్ పెట్టుకో, ఎవరేమనుకున్నా సరే. దూప గాకున్నా నీళ్లు తాగుతుండు, అది ఎడారి, గాలే నీళ్లను గుంజుతది. ఫ్లాస్కుల వేడినీళ్లు, సంచిల టార్చ్. ఫోన్‌ను లోపలి జేబుల ఒంటి వెచ్చకు పెట్టు.

మొదటి దినం పారస్ బాట, వాచ్‌మన్ దారి చాలు, ఎండ తగులుతది. రెండోనాడు పొద్దుగాల కాన్యన్ ఓవర్‌లుక్, రానుపోను మైలే గని లోయంతా కాళ్లకింద పరుసుకుంటది. మాపటికి రివర్‌సైడ్ వాక్ నడిచి, నారోస్ అనే, నది నీళ్లల్లనే నడిచే సన్నటి సందు మొదలయ్యే కాడ ఒడ్డున నిలబడి చూసి రా. నీళ్లు ఒంటికి తగలనియ్యని డ్రైసూట్ అనే తొడుగు లేకుండ ఆ నీళ్లల్ల కాలు పెట్టకు. మూడోనాడు స్కౌట్ లుకౌట్, తొమ్మిది కొట్టేసరికి బాట మీద ఉండాలె. అక్కడి నుంచి గొలుసులు పట్టుకొని ఏంజల్స్ ల్యాండింగ్ అనే గుట్ట కొన ఎక్కాలంటే 2022 నుంచి పర్మిట్ లాటరీ ఉన్నది. ఫీజులు, షటిల్ బస్సులు, ఏ దారి మూసిన్రు అనేటివి పార్కు వెబ్‌సైట్‌ల ఉంటయి, చూసుకో.

ఇగ అసలు ముచ్చట. మన సలేశ్వరం యాది చేసుకో. చైత్ర పున్నమికి నల్లమల లోయ దిగుతుంటే "వస్తున్నం లింగమయ్యా" అని ముందటోళ్లు అరుస్తరు, ఎనుకటోళ్లు అందుకుంటరు. రాళ్ల మీద జారితే తెల్వనోని చెయ్యి గూడ వచ్చి పట్టుకుంటది. చిన్నప్పుడు మా నాయనతోని పోయిన, ఆయన చెయ్యి ఇడిసిపెట్టినా ఎవరో ఒకరు పట్టుకున్నరు. మనం గట్ల లోయలు దిగినోళ్లం తమ్మీ. జాయన్‌ల డిసెంబర్ మాపున నీ అడుగు చప్పుడు నీకే ఇనబడుతది.

సెలవులకు రూమంత ఖాళీ అయితదని నాకు తెలుసు, నువ్వు రాయకున్నా. నీలాగ సుట్టాలు లేనోళ్లు మీ కాలేజీల ఇంకో ఇద్దరు ముగ్గురు ఉంటరు, వాళ్లు గూడ తలుపులు వేసుకొని కూసున్నరు. పోయి తలుపు కొట్టు. మన జిల్లోళ్లే గానక్కరలేదు, తెలుగే గానక్కరలేదు. కారు కిరాయి గూడ పంచుకుంటరు. ఎవ్వరూ దొరకకుంటే గా మూడోనాటి దారి ఇడిసిపెట్టు, మనుషులు తిరిగే పారస్, రివర్‌సైడ్ వరకే నడువు. పొద్దుగాల బయల్దేరేముందు హోటల్ కౌంటర్ల కాయితం మీద రాసియ్యి: ఏ దారి, ఎన్నిటికి దిగుత, ఏ కారు. ఇంట్ల గూడ నిజమే చెప్పు, ఒక్కణ్నే అయితే ఒక్కణ్నే అని.

నాకు గూడ రాయి. నువ్వు అక్కడ సాయంత్రం ఆరింటికి పార్కు గేటు కాడ ఉన్న స్ప్రింగ్‌డేల్ ఊర్లకు వచ్చినప్పుడు ఇక్కడ తెల్లారి ఆరున్నర అయితది. అమ్మ చాయ పెట్టే టైము, నేను ఫోన్ ముందట పెట్టుకొని అరుగు మీద కూసుంట. "దిగినం" అని ఒక్క మాట పెట్టు.