పెన్సిల్ వంకతో
పాఠకుల ప్రశ్నలు: ఆధునికవాద సాహిత్యంలో నగరం, నడిచే స్త్రీలు

ప్ర: వర్జీనియా ఉల్ఫ్ నవల 'మిసెస్ డాలొవే' రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఆవిడ పూలు కొనడానికి బయల్దేరుతుంది, నడుస్తూనే ఉంటుంది, ఏమీ జరగదు. పట్టు ఎక్కడ దొరుకుతుంది?

జ: కథ కోసం వెతక్కండి, దారి కోసం వెతకండి. మధ్య లండన్ మ్యాపు ఒకటి పక్కన పెట్టుకోండి. 1923 జూన్ నెల, ఒక బుధవారం ఉదయం. మిసెస్ డాలొవే, అంటే క్లారిసా, ఇల్లు వెస్ట్‌మిన్‌స్టర్‌లో. విక్టోరియా స్ట్రీట్ దాటి సెయింట్ జేమ్స్ పార్కులోకి వస్తుంది, అక్కడ పాత స్నేహితుడు హ్యూ ఎదురుపడతాడు. ఆ తర్వాత పికడిలీ, హాచర్డ్స్ పుస్తకాల షాపు అద్దం, బాండ్ స్ట్రీట్, చివరికి పూలకొట్టు. మొత్తం కలిపి మూడు కిలోమీటర్లు ఉండదు.

చిక్కల్లా వాక్యంతోనే. వీధిలో మొదలై, మధ్యలో ముప్ఫై ఏళ్లు వెనక్కి పోయి, చెప్పాపెట్టకుండా మళ్లీ వీధిలో తేలుతుంది. చాలామంది దారి తప్పేది ఇక్కడే. వీధిలో కంటికీ చెవికీ తగిలే వాటి కింద మాత్రమే గీత గీయండి: బస్సు, గ్లౌజుల షాపు, గడియారం గంట. ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య ఉన్నది దాదాపు అంతా ఆవిడ తలలో నడుస్తున్నదే. నాలుగు పేజీలు ఇలా చదివితే ఆ తర్వాత పెన్సిలు అక్కర్లేదు.

బాండ్ స్ట్రీట్‌లో మాత్రం ఆగండి. తను ఎవరికీ కనబడటం లేదని ఆవిడకి అక్కడ అనిపిస్తుంది. ఇక పెళ్లి లేదు, పిల్లల్ని కనడం లేదు, ఈ జనంతోపాటు నడవడమే మిగిలింది. ఇప్పుడు తను క్లారిసా కూడా కాదు, రిచర్డ్ డాలొవే భార్య. ఎవరి కంటా పడకపోవడంలో హాయీ ఉంది, దెబ్బా ఉంది. రెండిట్లో ఒక్కటే పట్టుకుని రాసిన వ్యాసాలకు కొదవ లేదు. వాటిని పక్కన పెట్టండి.

అదే రోజు జరిగే ఇంకో రెండు నడకలు చూడకపోతే సగం నవల వదిలేసినట్టే. క్లారిసా పాత స్నేహితుల్లో ఇంకొకడు, పీటర్ వాల్ష్, ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ముక్కూమొహం తెలియని అమ్మాయిని చూసి, జేబులోని చాకు తడుముకుంటూ, రీజెంట్ స్ట్రీట్, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ మీదుగా వెంటపడతాడు. తానో సాహసవీరుడినని ఊహించుకుంటాడు. ఆ అమ్మాయి తలుపు తాళం తీసుకుని లోపలికి వెళ్లిపోతుంది. ఆమె ఏమనుకుందో రచయిత్రి చెప్పదు. ఇక క్లారిసా కూతురు, పదిహేడేళ్ల ఎలిజబెత్, మధ్యాహ్నం దాటాక బస్సు పైఅంతస్తు ఎక్కుతుంది. ఇంకో పెనీ ఇచ్చి స్ట్రాండ్ వైపు పోయి, చాన్సరీ లేన్ దగ్గర దిగి, సెయింట్ పాల్స్ దిక్కుగా కాస్త దూరం నడుస్తుంది. డాలొవేలు రోజూ వచ్చే వీధి కాదది. పనికి పోయేవాళ్ల హడావిడి చూసి డాక్టర్‌నో రైతునో అవుదామనుకుంటుంది. అంతలో ఆలస్యమైందని తిరుగు బస్సెక్కుతుంది.

ప్ర: 'ఫ్లానర్' అన్న మాట స్త్రీకి వర్తించదని కొందరు, వర్తిస్తుందని కొందరు. మీరేమంటారు?

జ: పనీపాటా పెట్టుకోకుండా నగరాన్ని చూస్తూ తిరిగే పెద్దమనిషి ఫ్లానర్. 1863లో అచ్చయిన వ్యాసంలో ఫ్రెంచి కవి బోదలేర్ అతనికి పెద్దపీట వేశాడు. ఆయన కవితలో వీధిలో ఎదురయ్యే స్త్రీ ఒక్క చూపు చూసి జనంలో కలిసిపోతుంది. ఆ చూపుకి అర్థం చెప్పేది అతనే. 19వ శతాబ్దంలో స్త్రీకి ఈ పాత్ర సాధ్యమే కాదని 1985లో సామాజిక శాస్త్రవేత్త జానెట్ వోల్ఫ్ వాదించింది. రచయిత్రి లారెన్ ఎల్కిన్ 2016లో 'ఫ్లానూజ్' అన్న స్త్రీలింగంతో పుస్తకమే వేసింది.

మా మొగ్గు వోల్ఫ్ వైపు, చిన్న సవరణతో. ఆడవాళ్లు నడిచారు, కారణం చూపించుకోకుండా నడవడమే కష్టమైంది. 'బజారు మనిషి' అంటే తెలుగులో ఎవరు గుర్తొస్తారో చెప్పాలా? ఇంగ్లీషులో 'స్ట్రీట్‌వాకర్' కూడా అంతే. 1887లో రీజెంట్ స్ట్రీట్‌లో మిస్ కాస్ అనే కుట్టుపని యువతిని వేశ్య అని పోలీసు అరెస్టు చేస్తే పార్లమెంటు దాకా దుమారం లేచింది. ఉల్ఫ్‌కి అప్పుడు అయిదేళ్లు.

ప్ర: కారణం చూపించుకోవడం అంటే?

జ: ఉల్ఫ్ 1927 నాటి వ్యాసం 'స్ట్రీట్ హాంటింగ్' చదవండి, చిన్నదే. శీతకాలం సాయంత్రం, టీకీ డిన్నరుకీ నడుమ, పెన్సిల్ కొనాలన్న వంకతో ఆవిడ బయటపడుతుంది. ఏ నడక చదివినా మూడు గుర్తు పెట్టుకోండి: వంక ఏమిటి, వేళ ఎంత, తిరిగొచ్చే ఇల్లు ఉందా. ఈ వ్యాసంలో మూడూ ఉన్నాయి, అందుకే అంత నిశ్చింత.

ప్ర: డొరొతీ రిచర్డ్‌సన్ 'పిల్‌గ్రిమేజ్' 13 భాగాలూ చదవాలా?

జ: అక్కర్లేదు. నాలుగోదైన 'ది టన్నెల్' (1919)తో మొదలుపెట్టండి. నాయిక మిరియంకి లండన్ వింపోల్ స్ట్రీట్‌లో దంతవైద్యుల దగ్గర ఉద్యోగం, వారానికి ఒక పౌను జీతం, బ్లూమ్స్‌బరీలో అద్దెగది, చేతిలో సొంత తాళంచెవి. రిచర్డ్‌సన్ మనుషుల్ని పరిచయం చేయకుండానే ప్రవేశపెడుతుంది. ఎవరో తెలియలేదని పేజీలు వెనక్కి తిప్పకండి, పోనుపోను తెలుస్తారు. తర్వాత 'రివాల్వింగ్ లైట్స్' (1923) మొదటి అధ్యాయం, రాత్రిపూట ఇంటికి నడిచే నడక. పాత్ర తలలో పారే ఆలోచనల్ని పారినట్టే రాసే పద్ధతిని మనం చైతన్య స్రవంతి అంటున్నాం; ఆ మాటని రచయిత్రి మే సింక్లెయిర్ 1918లో రిచర్డ్‌సన్ నవలల గురించే వాడింది. రిచర్డ్‌సన్‌కి ఆ మాట నచ్చలేదు లెండి.

ప్ర: జీన్ రీస్ నాయికలూ నడుస్తూనే ఉంటారు. ఉల్ఫ్‌కీ ఈవిడకీ తేడా?

జ: డబ్బు. 'గుడ్ మార్నింగ్, మిడ్‌నైట్' (1939)లో నాయిక సాషాకి ప్రతి మంగళవారం వచ్చేది రెండున్నర పౌన్లు. పారిస్‌లో ఆవిడది షికారు కాదు, లెక్క: ఎక్కడ తినాలి, ఎక్కడ తాగాలి, ఏ కెఫేలో మొహం చెల్లదు. కాగితం మీద రెండు వరసలు గీసి, పోదగ్గ చోట్లు ఒకవైపు, పోకూడనివి ఇంకోవైపు రాసుకుంటూ చదవండి; పారిస్ మ్యాపు కన్నా అదే పనికొస్తుంది. క్లారిసా ఎవరికీ కనబడదు. సాషాని మాత్రం టోపీ, వయసు, బట్టలు చూసి వెలకట్టేవాళ్లే అందరూ. పాత బొచ్చుకోటు చూసి డబ్బున్న మనిషనుకుని ఒక జిగొలో, అంటే డబ్బున్న ఆడవాళ్ల మీద బతికే మగవాడు, వెంటపడతాడు. ఆ పేజీల తర్వాత పీటర్ వాల్ష్ నడక మళ్లీ తీయండి. అక్కడ వెంటపడేవాడి తలలో ఉన్నాం. ఇక్కడ ఎవరి వెంట పడుతున్నాడో ఆవిడ తలలో ఉంటాం.