ముత్తాత ఊరు దొరకాలంటే: లిథువేనియా వలస కుటుంబాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా కోడలిది షికాగో. వాళ్ల ముత్తాత అక్కడి కబేళాల్లో పనిచేశాడట. ఇంటిపేరు కొజ్లోవ్‌స్కి. జనాభా లెక్కల్లో ఆయన పుట్టిన దేశం 1910లో రష్యా అని, 1920లో పోలాండ్ అని, 1930లో లిథువేనియా అని ఉంది. ఏది నమ్మాలి? మనవడికి ఆ వైపు ఊరి పేరు కూడా చెప్పాలని మా ఆశ.
*(ఒక పాఠకురాలు, నేపర్‌విల్)*

జవాబు: మూడూ నమ్మండి. ఆయన పుట్టిన ఊరు ఉన్నచోటే ఉంది, సరిహద్దులే మారాయి. 1910లో పటం మీద లిథువేనియా అనే దేశమే లేదు. ఆ నేలలో ఎక్కువ భాగం జార్ ఏలుబడిలో కోవ్నో, విల్నా, సువాల్కీ అనే గుబెర్నియాలుగా, అంటే రాష్ట్రాల్లాంటి విభాగాలుగా, ఉండేది. సువాల్కీ పాలన పోలాండ్ రాజ్యం కింద సాగేది. అందుకే అక్కడివాళ్లు ‘రష్యన్ పోలాండ్’ అని రాయించుకునేవారు. లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది 1918 ఫిబ్రవరి 16న. కాగితాల్లో ‘పోలాండ్’ కనిపిస్తే ముందు సువాల్కీ వైపు చూడండి. అయితే దాన్నే గట్టి రుజువుగా పట్టుకోవద్దు, ఎందుకంటే పోలిష్ మాట్లాడే కాథలిక్కులు విల్నా వైపు కూడా చాలామంది ఉండేవారు.

దేశం పేరుతో మీ పని జరగదు. కావలసింది ఊరి పేరు, ఆ ఊరు ఏ చర్చి పరిధిలో ఉండేదో ఆ పేరు. మన దగ్గర రామాపురం అంటే ఏ మండలం అని అడుగుతాం కదా, అక్కడా అంతే. ఒకే పేరున్న పల్లెలు డజన్ల కొద్దీ ఉన్నాయి. పైగా ఆ పేరు అమెరికాలోనే దొరికించుకోవాలి. అది చేతికి రాకుండా లిథువేనియా రికార్డులు తెరిస్తే నెలలు వృథా అవుతాయి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు.

ముందు చర్చి నుంచి మొదలుపెట్టండి. ఆయన పెళ్లి అమెరికాలో లిథువేనియన్ కాథలిక్ చర్చిలో జరిగితే పాదిరీ కూడా సాధారణంగా ఆ దేశంవాడే. అందుకే వధూవరుల సొంత చర్చి పేరు, ఒక్కోసారి పల్లె పేరు కూడా సరైన అక్షరాలతో రాసి ఉంటాడు. షికాగోలో బ్రిడ్జ్‌పోర్ట్‌లోని సెయింట్ జార్జ్ అలాంటి చర్చే, అది 1892లో ఏర్పడింది. కౌంటీ ఇచ్చే పెళ్లి లైసెన్సులో చాలాసార్లు దేశం పేరు మాత్రమే ఉంటుంది. కాబట్టి లైసెన్సు నకలు తెప్పించుకుని అక్కడితో ఆగవద్దు.

తరవాత సైనిక నమోదు కార్డు. 1917 జూన్ 5న 21 నుంచి 30 ఏళ్ల మగవాళ్లు నింపిన కార్డులో పుట్టిన ఊరు అడిగారు. 1918 సెప్టెంబరు 12న మిగతావాళ్లు నింపిన కార్డులో ఆ గడి లేదు, దగ్గరి బంధువు పేరు మాత్రమే ఉంటుంది. ఆ కార్డు చూసి నిరాశపడకండి. 1877 ఏప్రిల్ చివరి నుంచి 1897 ఫిబ్రవరి మధ్య వరకు పుట్టినవాళ్లు 1942 ఏప్రిల్‌లో మళ్లీ నమోదు చేసుకున్నారు, ఆ కార్డులో పుట్టిన ఊరు ఉంది.

పౌరసత్వ కాగితాల విషయంలో 1906 సెప్టెంబరు 27 ఒక గీత లాంటిది. అంతకు ముందువాటిలో తరచుగా ‘రష్యా చక్రవర్తికి విధేయత వదులుకుంటున్నాను’ అన్న మాట తప్ప ఏమీ దొరకదు. ఆ తరవాతివాటిలో పుట్టిన తేదీ, ఊరు, వచ్చిన ఓడ, దిగిన రోజు ఉంటాయి. వీటికి ఒక నకలు కోర్టులో, మరొకటి కేంద్ర ప్రభుత్వం దగ్గర ఉండేవి. కోర్టు ఫైలు పోయినా రెండోది అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థలోని వంశచరిత్ర విభాగం నుంచి ఫీజు కట్టి తెప్పించుకోవచ్చు. ఆయన 1936 తరవాత ఉద్యోగంలో ఉంటే సోషల్ సెక్యూరిటీ దరఖాస్తు కూడా అడగండి. అందులో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, తరవాత అది చాలా అక్కరకొస్తుంది.

ప్రశ్న: ఓడ ప్రయాణికుల పట్టీల్లో మా వియ్యపురాలి తాతగారి పేరు ఎంత వెతికినా లేదు. వలసవచ్చినవాళ్లను తనిఖీ చేసిన న్యూయార్క్ రేవు ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తాలు పేర్లు మార్చేసేవారట కదా?
*(ఒక పాఠకుడు, ఎడిసన్)*

జవాబు: ఆ మాట అందరూ అంటారు, కానీ అది నిజం కాదు. గుమాస్తాలు కొత్తగా పేర్లు రాసేవారు కాదు, ఓడ బయల్దేరిన రేవులో తయారైన పట్టీ చూసి పిలిచేవారు. పేరు మారింది ఆ తరవాత, గనుల్లో, ఫ్యాక్టరీల్లో, జీతాల పుస్తకాల్లో. ఆ జనానికి రాతలో ఒక స్థిరమైన పేరు లేకపోవడానికి కారణం కూడా ఉంది. 1864 నుంచి 1904 వరకు లాటిన్ లిపిలో లిథువేనియన్ అచ్చువేయడాన్ని జార్ ప్రభుత్వం నిషేధించింది. ఇంట్లో ఒక భాష, చర్చి పుస్తకంలో పోలిష్ రూపం, ప్రభుత్వ కాగితంలో రష్యన్ లిపి.

అందుకని ఒక పేరుకు నాలుగైదు రూపాలు ముందే రాసిపెట్టుకోండి. కొజ్లోవ్‌స్కి లిథువేనియన్‌లో కజ్‌లౌస్కస్. యాన్కోవ్‌స్కి అయితే యాన్కౌస్కస్, స్టాన్కియెవిచ్ అయితే స్టాన్కెవిచియుస్. జోసెఫ్ అక్కడ యువోజస్, జార్జ్ యుర్గిస్, ఫ్రాంక్ ప్రానస్, స్టాన్లీ స్టాసిస్. చార్లెస్ అన్న పేరు వెనక చాలాసార్లు కజిమియెరస్ ఉంటాడు.

ఆడవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కజ్‌లౌస్కస్ భార్య కజ్‌లౌస్కియెనె, పెళ్లికాని కూతురు కజ్‌లౌస్కైతె. చివర ‘ఐతె’, ‘ఇతె’, ‘ఉతె’ ఉంటే అది పుట్టింటి పేరు, ‘ఇయెనె’ ఉంటే మెట్టినింటి పేరు. ఈ సంగతి తెలియక ఒకే ఇంటి తల్లీకూతుళ్లను వేర్వేరు కుటుంబాలుగా రాసుకున్న వంశవృక్షాలు ఎన్నో.

పట్టీలో వెతికేటప్పుడు ఇంటిపేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలే ఇచ్చి, వయసుకు మూడేళ్లు అటూ ఇటూ వదలండి. 1903 నుంచి పట్టీల్లో ‘జాతి’ గడి ఉంది, అందులో ‘లిథువేనియన్’ అని విడిగా రాసేవారు. దాంతో పోలిష్, యూదు పేర్లు పక్కకు పోతాయి. 1907 నుంచి పట్టీ రెండు పుటలైంది. స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా అడిగిందీ అప్పటినుంచే. ఆన్‌లైన్‌లో తెరుచుకునేది ఒక్కోసారి ఎడమ పుటే కాబట్టి పక్క చిత్రం కూడా తిప్పి చూడండి. పేరు దగ్గర చేతిరాతతో ఏవో అంకెలు కనిపిస్తే సంతోషించండి. పౌరసత్వ దరఖాస్తును సరిచూడటానికి అధికారులు ఆ పట్టీని తరవాత మళ్లీ తీశారని వాటికి అర్థం. అంటే ఎక్కడో ఆ దరఖాస్తు ఉంది.

న్యూయార్క్‌లోనే దిగి ఉంటాడనుకోవద్దు. బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, బోస్టన్ పట్టీలూ చూడండి. బయల్దేరిన రేవు హాంబుర్గ్ అయితే అక్కడి జాబితాలు 1850 నుంచి 1934 వరకు చాలావరకు దక్కాయి. బ్రెమెన్‌వి దాదాపుగా పోయాయి.

ప్రశ్న: పౌరసత్వ కాగితంలో పుట్టిన ఊరు ‘కోవ్నో’ అని దొరికింది. ఇక అక్కడి రికార్డులు చూడవచ్చా?
*(ఒక పాఠకురాలు, డల్లాస్)*

జవాబు: ఇంకా తొందరపడకండి. కోవ్నో అంటే ఇప్పటి కౌనస్ నగరం, అదే పేరుతో మొత్తం గుబెర్నియా కూడా. పల్లెవాళ్లు గుబెర్నియా పేరే చెప్పేవారు. మరో రెండు కాగితాలు తీసి, ఊరి పేరు వస్తుందేమో చూడండి. అమెరికాలో అచ్చయిన లిథువేనియన్ పత్రికలు ఇందుకు గొప్ప ఆధారం. 1909లో మొదలై 1916 నుంచి దినపత్రికగా వచ్చిన ‘ద్రౌగస్’ లాంటివాటిలో మరణవార్తలు గుబెర్నియా, జిల్లా, చర్చి, పల్లె అన్న వరసలో రాసేవారు. తప్పిపోయిన అన్నదమ్ముల కోసం ఇచ్చే ‘పాయెష్కోయిమై’ ప్రకటనల్లోనూ అదే వరస. షికాగోలోని బాల్జెకస్ మ్యూజియంలో వంశచరిత్ర విభాగం ఉంది, అక్కడ అడగండి.

పల్లె దొరికాక దాని మూడు భాషల పేర్లూ పక్కపక్కన రాసుకోండి. ఉక్‌మెర్గె పోలిష్‌లో విల్కోమియెజ్. మర్యాంపొలె మర్యాంపోల్ అవుతుంది. జరాసై అయితే జార్ కాలంలో నోవోఅలెక్సాంద్రోవ్‌స్క్, చూస్తే రెండింటికీ పోలికే లేదు.

అప్పుడు చర్చి పుస్తకాలకు రండి. విల్నియస్‌లోని లిథువేనియా ప్రభుత్వ చారిత్రక పత్రాల భాండాగారం కాథలిక్ చర్చి పుస్తకాలను స్కాన్ చేసి ‘ఎపవెల్దాస్’ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. చర్చి పేరు, సంవత్సరాలు ఎంచుకుంటే పుటలు తెరుచుకుంటాయి. ఎక్కువ పుస్తకాల్లో పేరు కొట్టి వెతికే వీలు లేదు, పుట పుటా తిప్పాల్సిందే. సువాల్కీ వైపు అయితే ముందు పోలిష్ వాలంటీర్లు తయారుచేసిన ‘జెనెతెకా’ సూచిక చూడండి. అక్కడ పేరు కొట్టి వెతకవచ్చు, బోలెడు శ్రమ తగ్గుతుంది.

సువాల్కీలో 1868 నుంచి నమోదులు రష్యన్‌లో ఉన్నాయి, కానీ పేర్లు పక్కనే పోలిష్‌లో కూడా తరచుగా ఉంటాయి. కోవ్నో వైపు ఆ సౌకర్యం తక్కువ. రష్యన్ చేతిరాతలో ‘త’ అక్షరం ఆంగ్లపు ఎమ్‌లా, ‘ద’ అక్షరం జీలా కనిపిస్తుంది. భాషంతా రాకపోయినా ఫర్వాలేదు. మీ ఇంటిపేరు, ఊరి పేరు, నెలల పేర్లు, ‘కొడుకు’, ‘కూతురు’, ‘రైతు’ అన్న మాటలు రష్యన్ చేతిరాతలో ఒక కాగితం మీద రాసుకుని ఎదురుగా పెట్టుకోండి. ఆ పుస్తకాల్లో కజ్‌లౌస్కస్ అని ఉండదు, కొజ్లోవ్‌స్కి రూపమే ఉంటుంది.

ఇక తేదీ. రష్యా అప్పుడు పాత జూలియన్ క్యాలెండర్ వాడేది. 19వ శతాబ్దంలో దానికీ మనం వాడే క్యాలెండర్‌కీ 12 రోజుల తేడా, 1900 మార్చి నుంచి 13. పుస్తకంలో 1892 అక్టోబరు 3 అని ఉంటే మన లెక్కలో అక్టోబరు 15. సువాల్కీ పుస్తకాల్లో రెండు తేదీలూ ఇస్తారు. అమెరికాలో చెప్పిన పుట్టినరోజుకు ఈ లెక్క సరిపోకపోతే కంగారుపడవద్దు, తల్లి పుట్టింటి పేరు కలిసిందా లేదా చూడండి. సోషల్ సెక్యూరిటీ దరఖాస్తు ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు పిల్లల్లో మనవాడెవరో ఆ ఇంటిపేరే తేలుస్తుంది. దొరికాక అక్కడే ఆగకుండా ఆ దంపతుల పెళ్లి నమోదు తీయండి, రెండు వైపుల తల్లిదండ్రులూ అందులో ఉంటారు.

ప్రశ్న: మా అల్లుడి పూర్వీకులు లిథువేనియా యూదులు. డీఎన్‌ఏ పరీక్షలో వేల మంది ‘మూడో, నాలుగో తరం కజిన్లు’ వచ్చారు. ఇంతమంది నిజంగా ఉంటారా?
*(ఒక పాఠకుడు, సియాటిల్)*

జవాబు: అంత దగ్గరివాళ్లు కారు. మనకు మేనరికాలు తెలుసు కాబట్టి ఇది సులువుగా అర్థమవుతుంది. తరతరాలుగా ఒక సముదాయం లోపలే పెళ్లిళ్లు జరిగితే ఇద్దరు మనుషులు చాలా దారుల్లో దూరపు చుట్టాలవుతారు. ఇద్దరిలోనూ ఒకేలా ఉన్న చిన్న చిన్న డీఎన్‌ఏ ముక్కలన్నీ కలిపి కంపెనీ లెక్క వేస్తే దగ్గరి చుట్టరికంలా కనిపిస్తుంది. మొత్తం అంకె కాకుండా అతి పొడవైన ఒకే ముక్క ఎంతుందో చూడండి. అది పెద్దగా ఉన్నవాళ్లకే ముందు రాయండి.

కాగితాల దారి కూడా వేరు. చర్చి పుస్తకాల్లో వీళ్లు ఉండరు. యూదుల జనన, మరణ, వివాహ నమోదులు రష్యన్‌లోనూ హీబ్రూలోనూ పక్కపక్కనే రాసేవారు. లిథువేనియా యూదుల వంశచరిత్రపై పనిచేసే లిట్వాక్‌సిగ్ సంస్థ వాటిని, పన్ను జాబితాలను, 1795 నుంచి 1858 వరకు జరిగిన ‘రివిజన్’ జనాభా లెక్కలను ఆంగ్లంలోకి తెచ్చి డేటాబేస్‌లో పెట్టింది. ఆడపిల్లల జననాలు చాలాసార్లు నమోదే కాలేదు. అక్క పేరు లేదని కుటుంబం అది కాదనుకోవద్దు.

ప్రశ్న: ముత్తాత లిథువేనియావాడైతే పిల్లలకు ఆ దేశపు పౌరసత్వం వస్తుందా?
*(ఒక పాఠకురాలు, అట్లాంటా)*

జవాబు: ఆయన వెళ్లిన సంవత్సరం మీద ఆధారపడుతుంది. పౌరసత్వ పునరుద్ధరణ అన్నది 1940 జూన్ 15కు ముందు లిథువేనియా పౌరులుగా ఉన్నవాళ్ల పిల్లలకు, మనవలకు, మునిమనవలకు. 1907లో ఓడెక్కినవాడు జార్ ప్రజ, లిథువేనియా పౌరుడు కాడు. ఆ వారసులకు సాధారణంగా ఈ దారి కుదరదు. 1920లలో ఆ దేశపు పాస్‌పోర్టుతో వచ్చినవాళ్ల వారసులు ఆ పాస్‌పోర్టును భద్రంగా దాచుకోవాలి.

ప్రశ్న: మా కోడలి అమ్మమ్మకు లిథువేనియాలోని చెల్లెలి నుంచి 1940 వరకు ఉత్తరాలొచ్చాయట. ఆ తరవాత ఒక్కటీ లేదు. ఇప్పుడు ఆ కుటుంబాన్ని కనుక్కోగలమా?
*(ఒక పాఠకురాలు, టొరంటో)*

జవాబు: కనుక్కునే అవకాశం బాగానే ఉంది. మూడు దారుల్లో వెతకాలి.

ఒకటి, సైబీరియా. సోవియట్ పాలనలో 1941 జూన్ 14న, తరవాత 1948 మేలో, 1949 మార్చిలో పెద్ద ఎత్తున కుటుంబాలను తరలించారు. స్టాలిన్ పోయాక విడుదలైనా చాలామంది సొంత ఊరికి చేరలేకపోయారు, అందువల్ల ఆ ఊళ్లో అడిగితే ‘ఎవరూ లేరు’ అంటారు. విల్నియస్‌లోని ప్రత్యేక పత్రాల భాండాగారంలో తరలించిన కుటుంబాల ఫైళ్లు ఉన్నాయి. పేర్లు, పుట్టిన సంవత్సరం, ఊరు రాసి, మీ బంధుత్వానికి ఆధారం జతచేసి ఈమెయిల్‌లో అడగండి.

రెండు, జర్మనీ. 1944లో పడమటికి పారిపోయినవాళ్లు శరణార్థి శిబిరాల్లో ఉండి, 1948 చట్టం తరవాత అమెరికా చేరారు. ఆ శిబిరాల కార్డులు ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌లో ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. ఏ దేశం వెళ్లాలనుకున్నారో కూడా కార్డు మీద ఉంటుంది. చెల్లెలు మీ దగ్గర్లోనే స్థిరపడి ఉండవచ్చు.

మూడు, ఊరి శ్మశానం. లిథువేనియా సమాధులకు ఆన్‌లైన్ జాబితాలున్నాయి. రాళ్ల మీద ఇంటిపేరు చాలాసార్లు ‘ఫలానా కుటుంబం’ అన్న అర్థంలో ‘కజ్‌లౌస్కూ షెయిమా’ అని ఉంటుంది కాబట్టి చివరి అక్షరాలు వదిలేసి వెతకండి. చెల్లెలిని మెట్టినింటి పేరుతో చూడాలి. ఈమధ్య కట్టిన సమాధి కనిపిస్తే, దాన్ని చూసుకునేవాళ్లు దగ్గర్లో ఉన్నారనే.

ఆ ఊరి చర్చికీ, స్థానిక పాలన కార్యాలయమైన ‘సెనియునియా’కీ లిథువేనియన్‌లో ఒక పుట ఉత్తరం రాయించండి. అమ్మమ్మ పేరు, ఆమె తల్లిదండ్రుల పేర్లు, వెళ్లిన సంవత్సరం, ఒక పాత ఫొటో చాలు. ఒక్క వాక్యం మాత్రం తప్పకుండా ఉండాలి: ‘మాకు భూమి, ఆస్తి ఏదీ అక్కర్లేదు.’ జాతీయం చేసిన పొలాలను 1991 తరవాత వారసులకు తిరిగిచ్చారు కాబట్టి అమెరికా నుంచి ఉత్తరం అనగానే ఆస్తి కోసమేమోనని భయపడి జవాబివ్వనివాళ్లు ఉంటారు. ఉత్తరం అక్టోబరు చివరికి చేరేలా చూడండి. నవంబరు 2 వాళ్లకు ‘వెలినెస్’. ఆ రోజు ఎక్కడెక్కడివాళ్లో సొంత ఊరికి వచ్చి సమాధుల దగ్గర దీపాలు పెడతారు, పాదిరీకి ఆ కుటుంబం ఎదురుపడేది అప్పుడే.