నీ కథలో ఎవరూ పొయ్యి ముట్టించలేదు

అమ్మాయీ,

కథ అందింది. కరేబియన్ దీవి ప్యూర్టోరికో నుంచి హవాయి చెరకు తోటలకు వెళ్ళిన కుటుంబం గురించి తెలుగులో రాయాలనిపించడమే పెద్ద సంగతి. కానీ ఓడ మీద వెన్నెల దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు మండింది. పేజీలకు పేజీలు సముద్రం, దాన్ని చూస్తూ ఏడ్చే మనుషులు. మరి రైలేది?

1900 నవంబరులో ప్యూర్టోరికో రాజధాని శాన్ హువాన్‌లో ఓడెక్కిన తొలి జట్టు అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో దిగింది. అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా రైలు, మళ్ళీ ఓడ. బయలుదేరింది 114 మంది. డిసెంబరు 23న హొనొలులు చేరింది 56 మందే. మిగతావాళ్ళలో కొందరు దారిలో తప్పించుకున్నారు, కొందరు రెండో ఓడ ఎక్కం పొమ్మన్నారు. ఎక్కాలా, మానాలా అని రైలుపెట్టెలో గుసగుసలాడుకున్న ఆలుమగలను నాకు చూపించు.

వలసకు కారణం 'పేదరికం' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. 1899 ఆగస్టు 8న శాన్ సిరియాకో తుఫాను ప్యూర్టోరికోలో మూడు వేలమందికి పైగా పొట్టన పెట్టుకుంది, కాఫీ తోటలను ఊడ్చేసింది. అదే సమయంలో హవాయి తోటల దొరలు కూలీల కోసం వెతుకుతున్నారు. 1901 అక్టోబరు నాటికి సుమారు 5,000 మంది అక్కడికి చేరారు. ఈ రెండు ఒడ్డులూ కలిపితేనే కథ.

వలస వెళ్ళినవాళ్ళ బతుకు వాళ్ళ పనిలోనూ వంటలోనూ ఉంటుంది. ఈ మాట నేను చచ్చేదాకా చెబుతాను. హవాయిలో ఆ ఇళ్ళవాళ్ళు పండగొస్తే పచ్చి అరటికాయలు తురిమి, మధ్యలో పంది మాంసం కూర పెట్టి, ఆకులో చుట్టి, దారం కట్టి ఉడకబెడతారు. పతేలే అంటారు. జాఫ్రా గింజలు కాచిన నూనెతో ఆ పిండి, కలిపే చేతులు రెండూ ఎర్రబడతాయి. పక్కన కందిగింజలు వేసి వండిన అన్నం. మన కందులే! తెలుగు పాఠకుణ్ణి ఆ ఇంట్లోకి తీసుకెళ్ళడానికి ఇంతకంటే దగ్గరి దారి ఏముంది?

బెల్లం వండేవాళ్ళ మీద నేను రాసిన తొలి కథలో ఒక సంపాదకుడు మడ్డి తీయడం, పాకం ముదిరిందో లేదో నీళ్ళలో వేసి వేళ్ళతో నలిపి చూడటం అన్నీ కొట్టేశాడు. 'పాకం గొడవ పాఠకులకెందుకు' అన్నాడు. ఏడుపు మాత్రం ఉంచాడు. అచ్చయ్యాక మా ఊరివాళ్ళు చదివి, అది తమ కథేనని గుర్తుపట్టలేదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఇప్పుడు మరీ అన్యాయం, ప్రతి పేరా చివరా ఒక కవితా వాక్యం ఉంటేనే కథ అంటున్నారు. నువ్వు ఆ దారిన పోకు.

ముగింపులో నీ కథలోని ముసలాయన ద్వీపం వంక చూస్తూ కన్నుమూయనక్కర్లేదు. 1917లో అమెరికా పౌరసత్వం దక్కాక కూడా హొనొలులులో ప్యూర్టోరికో వాళ్ళను ఓటర్లుగా చేర్చుకోం పొమ్మన్నారు. వాళ్ళలో ఒకడైన మాన్యుయెల్ ఒలివియెరి సాంచెజ్ కోర్టుకెక్కి గెలిచాడు. నీ ముసలాయన్ను బతకనివ్వు, ఓటు వేయనివ్వు.

ముందు ఆ రైలుపెట్టె రాసి పంపు.