పేరు ఎవరి మీద ఉందో చూసుకో

చిరంజీవి స్రవంతికి,

అత్త ఆశీస్సులు. నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. బ్లాగు రాస్తావట, వెబ్‌సైట్లు చేసేవాళ్లకు బొమ్మలు వేసిస్తావట, పైగా డొమైన్ పేర్లు, అదే వెబ్‌సైట్ల అడ్రసులు, కొని అమ్ముతావట. ఆవిడ ఏడుపు గొంతుతో చెబుతుంటే ఓదార్చాల్సింది పోయి, "బొమ్మకి ఎంతిస్తారట?" అని అడిగాను. ఠక్కున ఫోన్ పెట్టేసింది.

నాకు గర్వంగానే ఉందే. గవర్నర్‌పేటలో నా డీటీపీ షాపుకి వచ్చినప్పుడల్లా బల్ల కింద కూర్చుని, అచ్చు పాడైన శుభలేఖల వెనక ఏనుగులు గీసేదానివి. కానీ అదే షాపులో పని చేయించుకుని డబ్బు ఎగ్గొట్టినవాళ్లనీ చూశాను. అందుకే రాత్రి నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

ముందు బ్లాగు. బ్లాగులో ప్రకటనలు వేసి డబ్బిచ్చే గూగుల్ వాళ్ల యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగుకీ ఉంది కాబట్టి తెలుగులో రాస్తే ప్రకటనలు రావన్న బెంగ లేదు. ఖాతాలో 10 డాలర్లు చేరితే, అడ్రసు నీదేనని సరిచూసుకోవడానికి పిన్ నంబరు పోస్టులో పంపుతారు. హాస్టల్ అడ్రసు కాదు, ఇంటి అడ్రసు ఇవ్వు. 100 డాలర్లు చేరేదాకా రూపాయి కూడా చేతికి రాదు, కొత్తలో ఆ వంద చేరడమే గగనం. నీ ప్రకటనల మీద నువ్వు నొక్కకు. మీ నాన్నకి కూడా గట్టిగా చెప్పు, ప్రేమ కొద్దీ రోజూ నొక్కుతాడు, ఖాతా కాస్తా మూసేస్తారు. ఆ డబ్బుతో అద్దె కట్టాలని లెక్కలు వేసుకోకు. బ్లాగు చూసి బొమ్మలు కావాలని ఎవరైనా వస్తే అదే అసలు లాభం.

ఇక డొమైన్లు. దీనికి ముందు మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. చెప్పానని వాడికి కోపమొస్తే రానీ.

మీ నాన్న మంగళగిరి చీరల షాపుకి వెబ్‌సైట్ ఉండేదని నీకు లీలగా గుర్తుండొచ్చు. నువ్వు అప్పటికి చిన్నపిల్లవి. తెలిసిన కుర్రాడొకడు చేసిపెట్టాడు. డబ్బు మీ నాన్నే ఇచ్చాడు, పేరు మీ నాన్నే ఎంచాడు. కానీ డొమైన్ మాత్రం ఆ కుర్రాడు తన పేరు మీద, తన ఈమెయిల్‌తో రిజిస్టర్ చేసుకున్నాడు. మోసం చేద్దామని కాదు పాపం, మీ నాన్నకి అప్పట్లో ఈమెయిలే లేదు. "అంతా వాడు చూసుకుంటాడక్కా" అనేవాడు. నిజంగానే కొన్నేళ్లు చూసుకున్నాడు. అమెరికా నుంచి పెళ్లి చీరలకి ఆర్డర్లు వచ్చేవి. ఆ ఉత్సాహంలో మీ నాన్న షాపు కవర్ల మీద, బిల్లు పుస్తకాల మీద, చివరికి గోడ క్యాలెండర్ల మీద కూడా ఆ అడ్రసు వేయించాడు. ఆ కవర్ల డిజైను నాదే.

తర్వాత ఆ కుర్రాడికి విదేశంలో ఉద్యోగం వచ్చింది. పాత ఈమెయిల్ చూడటం మానేశాడు. రెన్యూవల్ చేయమని వచ్చిన మెయిళ్లన్నీ అందులోనే పడి ఉన్నాయి. ఒకరోజు సైటు తెరుచుకోలేదు. సర్వర్ ఏదో ఆగి ఉంటుంది, వాళ్లే బాగు చేస్తారని మీ నాన్న ఊరుకున్నాడు. గడువు దాటాక డాట్ కామ్ పేరు వెంటనే పోదే. కొన్నాళ్లపాటు మామూలు ధరకే రెన్యూ చేసుకోవచ్చు. ఆ తర్వాత 30 రోజులు జరిమానా కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. అదీ దాటితే 5 రోజుల్లో ఎవరైనా కొనుక్కునేలా బయటికి వదిలేస్తారు. ఇన్ని అవకాశాలున్నా ఒక్కటీ వాడుకోలేదు, ఎందుకంటే ఆ తలుపు తాళం మన దగ్గర లేదు. చివరికి ఎవరో కొనేశారు. కొన్నాళ్లకి మన షాపు పేరు కొడితే పేకాట ప్రకటనలు వచ్చాయి. డాలస్ నుంచి ఎవరో ఆవిడ ఫోన్ చేసి, "చీరలు మానేశారా అన్నయ్యగారూ?" అని అడిగితే మీ నాన్న ఏం చెప్పాలో తెలియక రాంగ్ నంబర్ అన్నాడు.

ఫిర్యాదు చేయొచ్చు కదా అంటావు. డాట్ కామ్‌కైతే వైపో అనే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ ముందుకు వెళ్లొచ్చు. ఒక్కరే తీర్పరి ఉండే కేసుకి ఫీజే 1,500 డాలర్లు. ఆ పేరు మన ట్రేడ్‌మార్కుతో కలుస్తోందని, అవతలివాడికి దానిమీద హక్కు లేదని, చెడు ఉద్దేశంతోనే కొని వాడుతున్నాడని, మూడూ మనమే రుజువు చేయాలి. మీ నాన్న షాపు పేరుకి ట్రేడ్‌మార్కే తీసుకోలేదు. అక్కడితో వదిలేశాం. ఆ కవర్లు అట్ట పెట్టెల్లో చాలా ఏళ్లు ఉన్నాయి, మీ అమ్మ వాటిలో కందిపప్పు కట్టేది.

అందుకే నువ్వు ఎవరి సైటుకి బొమ్మలు వేసినా, వాళ్ల డొమైన్ ఎవరి పేరు మీద ఉందని ఒక్క మాట అడుగు. నీ డొమైన్ నీ పేరు మీద, నీ సొంత ఈమెయిల్ మీద ఉండాలి, ఆఫీసు మెయిల్ మీద కాదు. ఆటో రెన్యూవల్ పెట్టు, కార్డు గడువు ఎప్పుడో చూసుకో.

నువ్వు కొన్నావన్న పేర్ల జాబితా మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. అందులో ఒక పెద్ద కంపెనీ పేరుని ఒక్క అక్షరం మార్చి కొన్నది ఉంది. దాన్ని వదిలేయ్, ఈరోజే. అది వ్యాపారం కాదు, లాయరు నోటీసు కోసం ఎదురుచూడటం. సినిమా పేర్లూ అంతే. వాయిస్ డాట్ కామ్ 2019లో 3 కోట్ల డాలర్లకు అమ్ముడైందని నువ్వు మీ అమ్మకి చెప్పావట. అమ్మింది ఆ పేరుని ఏళ్ల తరబడి అట్టేపెట్టుకున్న పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ. నీలా జీతం డబ్బులతో కొన్నవాళ్లు కాదు. ఊరి బయట ప్లాట్లు కొనిపెట్టి రోడ్డు పడుతుందని చూసేవాళ్లకి కనీసం ఏటా కొత్తగా డబ్బు కట్టే పని ఉండదు, దీనికి అదీ ఉంది. మొదటి ఏడు తక్కువకి ఇచ్చి రెండో ఏడు రేటు పెంచే ఎక్స్‌టెన్షన్లు, అంటే డాట్ కామ్ లాంటి తోకలు, చాలా ఉన్నాయి, కొనేముందే రెన్యూవల్ ధర చూడు. అమ్మేటప్పుడు డబ్బు ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి ఖాతాలో, పడ్డాకే పేరు వాళ్లకి మార్చుకునే ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వు. బ్యాంకు స్క్రీన్‌షాట్ పంపితే నమ్మకు. ఎంత మర్యాదగా మాట్లాడినా నమ్మకు.

బొమ్మల విషయంలో మాత్రం నీకు నేను చెప్పేంత లేదు, గీత నీ చేతిలో ఉంది. కాగితం గురించే నా పోరు. సగం అడ్వాన్సు తీసుకో. ఎన్ని మార్పులు ఊరికే చేస్తావో ముందే రాసివ్వు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు వేరేవాళ్లకి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఎంత కాలానికో రాయకపోతే 5 ఏళ్లు, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. డబ్బిచ్చి పెయింటింగో పోర్ట్రెయిటో వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కు వేయించుకున్నవాళ్లదే అని 17వ సెక్షన్ చెబుతుంది. నువ్వు వేసేది ఆ లెక్కలోకి వస్తుందా రాదా అని తర్వాత కొట్టుకునే బదులు, హక్కు ఎవరిదో ముందే రెండు లైన్లు మెయిల్లో రాయించుకో. వెబ్‌సైటు కోసం వేసిన బొమ్మ రేపు టీషర్టు మీద కనిపిస్తే అప్పుడు ఆ రెండు లైన్లే అక్కరకొస్తాయి. ఎడిట్ చేసుకునే అసలు ఫైలు కావాలంటే దానికి వేరే రేటు చెప్పు. చెప్పడానికి మొహమాటపడతావని నాకు తెలుసు, మొహమాటంలో అచ్చం మీ నాన్నవే.

ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో లేకుండా రాజీనామా ఇవ్వకు. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను, పెళ్లి మాట ఎత్తితే ఫోన్ నాకివ్వు. డబ్బు తక్కువైతే మీ నాన్నని అడగొద్దు, నన్నడుగు. వడ్డీ అక్కర్లేదు గానీ నీ డొమైన్ల రెన్యూవల్ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి నాకు పంపాలి. వాట్సాప్‌లో కాదు, పోస్టులో.

ఇట్లు,
మీ అత్త
విజయవాడ