పంట పోయిందన్నారు, ముందే కట్టిన కూరగాయల డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మేం మియాపూర్‌లో ఉంటాం. చేవెళ్ల దగ్గర ఒక రైతు బృందానికి 18,000 రూపాయలు ముందే కట్టి సభ్యులుగా చేరాం. వారానికొకటి చొప్పున 24 బుట్టలు, ఆ కాలంలో తమ పొలంలో పండినవే ఇస్తామన్నారు. తొమ్మిది బుట్టలు చక్కగా వచ్చాయి. వానలు పడ్డాక నాలుగు వారాలు సొరకాయ, బీరకాయ తప్ప ఏమీ లేవు. టమాటా, ఆకుకూరలు కుళ్లిపోయాయన్నారు. తర్వాతి రెండు బుట్టల్లో టమాటా వచ్చింది కానీ, సంచి అడుగున బోయిన్‌పల్లి మార్కెట్ కమీషన్ ఏజెంటు చీటీ దొరికింది. ఒప్పంద పత్రంలో 'పంట నష్టాన్ని సభ్యులూ పంచుకోవాలి, డబ్బు తిరిగి ఇవ్వబడదు' అని ఉంది. డబ్బు అడగొచ్చా? పక్కింటివాళ్లు కూడా చేరతామంటున్నారు, వాళ్లకేం చెప్పాలి?

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. పంట పోవడం ఒకటి, ఆ చీటీ ఇంకొకటి. మొదటిదానికి డబ్బు రాబట్టడం కష్టం. రెండోదానికి మాత్రం గట్టిగా అడగొచ్చు, అడగాలి కూడా.

మీరు కొన్నది ఇంకా పండని పంట. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం సెక్షన్ 6 ప్రకారం ఇలాంటి ఒప్పందం చెల్లుతుంది. నష్టం పంచుకుంటామని మీరు సంతకం కూడా పెట్టారు. ఇలాంటి తగువు ఒకటి 1876లోనే ఇంగ్లండ్ అప్పీలు కోర్టుకు వెళ్లింది. ఒక రైతు తన పొలంలో పండే ఆలుగడ్డల్లో 200 టన్నులు ఇస్తానన్నాడు. తెగులు సోకి సుమారు 80 టన్నులే చేతికొచ్చాయి. ఫలానా పొలం పంటే ఇస్తానన్నాడు కాబట్టి, పండని దానికి పరిహారం కట్టనక్కర్లేదని కోర్టు తేల్చింది. 1972లో ఇంగ్లండ్‌లోనే ఇంకో కేసు. 275 టన్నుల బార్లీకి ఒప్పందం, పండింది 140 టన్నులు. ఆ రైతు పండింది కూడా ఇవ్వకుండా ఎక్కువ ధరకు బయట అమ్ముకున్నాడు. పండని దానికి పూచీ లేదు గానీ, పండినది ముందు మాట ఇచ్చినవాళ్లకే ఇవ్వాల్సిందని తీర్పు వచ్చింది. మన కోర్టులు వీటికి కట్టుబడనక్కర్లేదు. అయినా మన విక్రయ చట్టం ఇంగ్లండ్ చట్టం ఒరవడిలో రాసిందే కాబట్టి వాదనకు పనికొస్తాయి.

అందుకే ముందు 'డబ్బు ఇచ్చేయండి' అనకండి. 'పొలంలో ఏం పండింది, ఎవరికి వెళ్లింది?' అని అడగండి. ఒక ఆదివారం నలుగురు సభ్యులు కలిసి చేవెళ్ల వెళ్లి మడులు చూసి రండి. మంచి కాయ మార్కెట్‌కూ మిగిలింది మీకూ వెళ్తుంటే అది ఒప్పంద ఉల్లంఘనే. నిజంగా వాన దెబ్బకే పోయిందనుకోండి, ఆ నాలుగు బుట్టల సంగతి వదిలేయమనే నా సలహా. మీరు కట్టిన డబ్బు విత్తనాలకూ కూలీలకూ ఎప్పుడో ఖర్చయి ఉంటుంది. పంట పోయిన ఏడాది రైతు ఒక్కడే మునిగిపోకూడదనే కదా ఈ ఏర్పాటు పెట్టుకున్నది.

ఇక చీటీ సంగతి. పంట లేనప్పుడు బయట కొని ఇవ్వడం తప్పు కాదు, ఆ మాట మీకు చెప్పి ఉంటే. తమ పొలానిదే అన్నట్టు ఇవ్వడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. 'డబ్బు తిరిగి ఇవ్వబడదు' అన్న షరతు పంట నష్టం కోసం రాసుకున్నది, దాన్ని మోసానికి అడ్డం పెట్టుకోవడం కుదరదని మీరు వాదించొచ్చు. బుట్ట 750 రూపాయలు పడింది. ఆ రెండు బుట్టలకు 1,500 మించకుండా, ఇంకా రావాల్సిన తొమ్మిదింటికి 6,750 అడగండి. మొత్తం 18,000 అడిగితే బాగా వచ్చిన తొమ్మిది బుట్టలు చూపించి వాళ్లు మీ కేసునే బలహీనం చేస్తారు. ఒక జాగ్రత్త: షరతే అన్యాయమైనది, రద్దు చేయండి అని అడగాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. ఇంత చిన్న మొత్తానికి ఆ దారి వద్దు, జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు అనుచిత వ్యాపార పద్ధతి మీదే నిలబడండి.

చీటీ పారేయకండి. తేదీ పడేలా దాని ఫోటో, వాట్సాప్ సందేశాలు, యూపీఐ రసీదు భద్రం చేసుకోండి. కేసు వేస్తే ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యాలను ధ్రువీకరిస్తూ, సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్ కూడా జతచేయండి. ముందు రాతపూర్వకంగా 15 రోజుల గడువు ఇవ్వండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేయండి. అదీ ఫలించకపోతే మీరుండే చోటి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు, చేవెళ్ల వైపు తిరగనక్కర్లేదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు.

పక్కింటివాళ్లను మానేయమనకండి, కాగితం చూసి చేరమనండి. ఏ ఊరు, ఎన్ని ఎకరాలు, ఎంతమంది సభ్యులు, వరుసగా ఎన్ని వారాలు బుట్ట రాకపోతే డబ్బు వాపస్, బయట కొంటే ముందే చెప్తారా అన్నవి అందులో ఉండాలి. 'సేంద్రియం' అని అమ్ముతుంటే పీజీఎస్-ఇండియా (రైతు బృందాలే ఒకరి పొలాలు ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి) లాంటి ధ్రువీకరణ ఉందేమో అడగాలి. చిన్న రైతు నేరుగా అమ్మితే ధ్రువీకరణలో మినహాయింపు ఉంది కాబట్టి, కాగితం లేనంత మాత్రాన మోసమనుకోవద్దు. ఎవరైనా కూరగాయలకు బదులు ఏడాది చివర ఇంత శాతం లాభం ఇస్తామంటే మాత్రం డబ్బు కట్టొద్దని చెప్పండి. అది కూరగాయలకు కట్టే అడ్వాన్సు కాదు, 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం కిందికి వచ్చే వ్యవహారం కావచ్చు.