గురి తుపాకి ఆయుధమేనా?

సందేహం: మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. స్కూలు పత్రికలో దాని ఫొటో కింద ‘ఆయుధంతో సాధన’ అని వేశారు. ఆటవస్తువును ఆయుధం అనవచ్చా? – ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: ‘ఆయుధ్యతే అనేన’, దేనితో పోరాడతామో అది ఆయుధం. వ్యుత్పత్తి వరకు మీ పట్టుదల సబబే, అమ్మా. అయితే ఈ చిక్కు భారతంలోనే ఉంది.

ద్రోణుడు శిష్యులకు పెట్టిన పరీక్షలో చెట్టుమీద ఉన్నది నిజం పిట్ట కాదు, శిల్పుల చేత చేయించిన బొమ్మపిట్ట. వ్యాసుడు ఆ మాట విప్పి చెప్పాడు. చంపే పని లేదు, గురి కుదరడమే కావాలి. అర్జునుడికి పిట్ట తల తప్ప మరేదీ కనపడలేదు. మీ అమ్మాయి చూసే పది పాయింట్ల చుక్క అడ్డుకొలత 0.5 మిల్లీమీటరే. ఏకాగ్రత అదే, విద్యా అదే. ఇక ద్రౌపదీ స్వయంవరం. లక్ష్యం కొట్టడానికి పెట్టిన విల్లు అప్పటిదాకా పందెపు విల్లే. రాజులు కోపించి ద్రుపదుడి మీదికి లేవగానే అర్జునుడు వేరే విల్లు వెతుక్కోలేదు. గెలుచుకున్న ఆ వింటితోనే కర్ణుణ్ణి ఎదిరించాడు. పోటీ సామగ్రి ఆయుధం కావడానికి ఎంతసేపు పట్టింది? అవసరం పడినంతసేపే.

అమరకోశం ఆయుధం, ప్రహరణం, శస్త్రం, అస్త్రం నాలుగింటినీ ఒకే వరసన చెప్పింది. శస్త్రచికిత్స చేసే డాక్టరు చేతిలోదీ శస్త్రమే, అయినా ఆయన్ని సాయుధుడు అనం. దసరా ఆయుధపూజలో స్పానర్లకూ లారీలకూ బొట్టు పెడతాం. 1959 నాటి ఆయుధ చట్టం మందుగుండుతోనైనా మరే శక్తితోనైనా గుండు విసిరేలా చేసినదాన్ని తుపాకుల్లోనే కలిపింది. బొమ్మగా తప్ప పనికిరానివాటిని వదిలేసింది. ఎయిర్ రైఫిల్ బొమ్మ కాదు.

నాకు బాధ కలిగించేది మరొకటి. నేరవార్తల్లో కర్ర కనబడితే చాలు, ‘మారణాయుధాలతో దాడి’ అని రాసేస్తున్నారు. మారణం అంటే చంపడం. అంత బరువైన మాటను కర్రకూ కత్తికీ ఒకేలా వాడేస్తే, నిజంగా చంపేదాని గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఏ మాట మిగులుతుంది? ఎన్నికలప్పుడు ఓటూ ఆయుధమే, అలిగినప్పుడు మౌనమూ ఆయుధమే! కాస్త పొదుపు నేర్చుకోవాలి.

కాబట్టి ఆ పత్రికవాళ్లది తప్పని గట్టిగా అనలేను. చట్టం లెక్కలో ఆ మాట చెల్లుతుంది. ఫొటో కింద మాత్రం ‘రైఫిల్ సాధన’ అంటే ఇంకా బాగుండేది. ‘మారణాయుధం’ అని ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.